ఫిట్స్ కనిపెట్టే వాచీని నమ్మి రాత్రి నిద్రపోవచ్చా?

నిద్రలేనమ్మ
మా వాడికి పద్నాలుగేళ్లు. ఏడాదిన్నరగా ఫిట్స్. మందులు వేళకి వేస్తున్నాం, పగలు దాదాపు ఆగిపోయాయి. వచ్చేవన్నీ నిద్రలోనే, ఎక్కువగా తెల్లవారుజామున. మంచం కిర్రుమంటే చాలు, గుండె గుభేలుమని లేచి కూర్చుంటాను. తీరా చూస్తే వాడు పక్కకి ఒత్తిగిలి హాయిగా పడుకుని ఉంటాడు. ఇప్పుడు వేరే గదిలో పడుకుంటానని వాడి గొడవ, వీల్లేదని నా గొడవ. చేతికి పెట్టే వాచీ ఒకటి ఉంది, ఏఐతో ఫిట్స్ కనిపెట్టి ఫోన్‌కి అలారం కొడుతుంది, కొనేద్దాం అని మా తమ్ముడు. ప్రకటనలో ఇన్ని శాతం కరెక్టు అని పెద్దపెద్ద అక్షరాలు. ఆ శాతాల సంగతి నాకు తెలీదు. ఒక్కటే అడుగుతున్నా: దాన్ని నమ్మి నేను కళ్లు మూసుకోవచ్చా?

కోడ్_వీరుడు
నిక్షేపంగా. ఇది ఎప్పుడో తేలిపోయిన ప్రాబ్లమ్. కాలేజీ ప్రాజెక్టులో నేనే చేశాను. ఈఈజీ డేటా, అంటే మెదడు విద్యుత్‌ని గీతలుగా తీసిన రికార్డింగులు, దించుకుని న్యూరల్ నెట్‌వర్క్ అనే ఏఐ ప్రోగ్రామ్‌కి నేర్పిస్తే అక్యురసీ 99 శాతం దాటింది. మూడు వారాల పని.

గీతల_మాస్టారు
మూడు వారాల్లోనా! నేను ఇరవై రెండేళ్లుగా ఈఈజీలు తీస్తున్నా, ఇంకా 99కి చేరలేదు.

కోడ్_వీరుడు
వెటకారం వద్దు మాస్టారూ. నిజంగానే వచ్చింది. స్క్రీన్‌షాట్ ఉంది.

డేటా_సన్యాసి
ఏ డేటా తమ్ముడూ? జర్మనీలో బాన్ యూనివర్సిటీదా?

కోడ్_వీరుడు
అదే. ఐదు సెట్లు, ఒక్కోదాంట్లో వంద ముక్కలు.

డేటా_సన్యాసి
అనుకున్నా. అందరం అక్కడే మొదలుపెట్టాం, సిగ్గుపడాల్సిందేమీ లేదు. కానీ అందులో ఏముందో చూడు. 2001లో బయటికొచ్చిన డేటా అది. ఒక్కో ముక్క 23.6 సెకన్లు, ఒకే ఛానల్, అంటే ఒక్క చోటి గీతే. కదలికల చెత్త ఉన్నవాటిని కంటితో చూసి ముందే ఏరి పారేశారు. పైగా ఫిట్స్ ఉన్న ముక్కలు పుర్రె లోపల పెట్టిన ఎలక్ట్రోడ్లతో తీసినవి, ఆరోగ్యంగా ఉన్నవాళ్లవి తల పైనుంచి తీసినవి. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి నేర్పిస్తే, నీ మోడల్ ఫిట్‌ని గుర్తుపట్టిందో, ఎలక్ట్రోడ్ లోపలుందా బయటుందా అన్నది గుర్తుపట్టిందో నీకే తెలీదు.

ఇక అక్యురసీ. రోజుకి 1440 నిమిషాలు. ఒకరికి రోజు మొత్తంలో రెండు నిమిషాల ఫిట్ ఒక్కటే వచ్చిందనుకో. నేను ఒక్క లైను కోడ్ రాయకుండా కుర్చీలో కూర్చుని "ఏమీ లేదు, ఏమీ లేదు" అంటూ పోయినా 1438 నిమిషాలు నా మాటే నిజం. 99.86 శాతం. నీకంటే నేనే గొప్ప. పట్టుకున్న ఫిట్స్ మాత్రం సున్నా.

అనుమానప్పక్షి
సన్యాసి గారూ, ఆ కుర్చీ ఖాళీ అయితే చెప్పండి, నేను కూర్చుంటా.

కోడ్_వీరుడు
ఒప్పుకున్నా, డేటా చిన్నది. అంతమాత్రాన ఏఐ పనికిరాదంటారా?

గీతల_మాస్టారు
పనికిరాదని ఎవరూ అనలేదు బాబూ. ఒక సంగతి చెబుతా, వినండి.

ఓ రోజు పసిబిడ్డకి ఈఈజీ పెట్టాం. ఒకటే ఏడుపు. వాళ్ల నాన్న భుజాన వేసుకుని వీపు మీద జోకొడుతున్నాడు. కొత్తగా చేరిన అమ్మాయి పక్క గదిలో స్క్రీన్ చూస్తోంది. తల వెనక ఛానళ్లలో వరసగా, గుండ్రంగా, దండలో పూసల్లా అలలు మొదలయ్యాయి. పది సెకన్లు, పదిహేను, ఇరవై. "సార్, ఫిట్ వస్తోంది!" అని పరుగెత్తుకొచ్చింది. నేను వెళ్లి ఆయన చెయ్యి పట్టుకుని ఆపాను. అలలు ఆగిపోయాయి. మళ్లీ కొట్టండి అన్నాను. మళ్లీ అవే అలలు. పాపం ఆయన బిత్తరపోయాడు, తన వల్లే బిడ్డకి ఏదో అవుతోందేమోనని.

పళ్లు తోముకున్నా, ఏదైనా నమిలినా, తల గోక్కున్నా గీతల్లో ఇలాంటి వేషాలు కనిపిస్తాయి. తేడా ఎక్కడంటే, చేత్తో కొట్టే జోల మొదటినుంచి చివరిదాకా ఒకే తీరు. ఫిట్ అలా ఉండదు. సాధారణంగా ఒక మూల మొదలై, పక్క ఛానళ్లకి పాకి, ఎత్తు పెరిగి, వేగం మారుతూ పోయి ఠక్కున ఆగుతుంది. ఆగాక కాసేపు గీత మొత్తం మందగిస్తుంది. మనిషి కంటికి పట్టుబడేది ఈ నడకే. మెషీన్‌కి నేర్పాల్సిందీ ఇదే.

ఇంతకీ అమ్మా, మీ తమ్ముడు చెప్పే వాచీ ఈ గీతలేవీ చూడదు. వీరుడిది ఒక దారి, మీరడిగేది ఇంకో దారి.

నిద్రలేనమ్మ
మెదడుని చూడదా? మా తమ్ముడు మెదడు తరంగాలని చెప్పాడే!

అనుమానప్పక్షి
బుర్ర మోకాల్లో ఉన్నవాళ్లని చూశా గానీ మణికట్టులో ఉన్నవాళ్లని ఇంతవరకూ చూడలేదు.

గీతల_మాస్టారు
చేతికి పెట్టేది చెయ్యి కుదుపులు చూస్తుంది. కొన్నిట్లో చర్మం మీద సన్నటి చెమట వల్ల మారే విద్యుత్ వాహకతా చూస్తారు, కొన్నిట్లో నాడి వేగం. ఒళ్లంతా కొట్టుకునే పెద్ద ఫిట్‌లో కుదుపులకి ఒక లయ ఉంటుంది, దాంతోపాటు చెమట సిగ్నల్ ఒక్కసారిగా ఎగబాకుతుంది. రెండూ కలిసొస్తే అలారం. ఇలాంటి వాచీల్లో ఎంపాటికా కంపెనీ వాళ్ల ఎంబ్రేస్‌కి 2018లో అమెరికా మందుల, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. అదీ పెద్ద ఫిట్స్‌కే, అన్ని రకాలకీ కాదు.

రెండేళ్ల_వాచీ
మేం వాడుతున్నాం. మా అమ్మాయికి. కంపెనీ పేరు చెప్పను, మెచ్చుకుంటే ఏజెంట్ అంటారు, తిడితే పోటీ కంపెనీ ఏజెంట్ అంటారు.

మొదటి నెల నరకం. పళ్లు తోముకుంటే అలారం. చప్పట్లు కొడితే అలారం. తమ్ముడితో దిండ్ల యుద్ధం చేస్తే ఇద్దరూ నవ్వుతుంటే అలారం. ఆఫీసు మీటింగులోంచి లేచి పరుగెత్తుకొచ్చాను ఒకసారి, చూస్తే పిల్ల తల తుడుచుకుంటోంది. తర్వాత అర్థమైంది, పగలు ఇంట్లో మనుషులున్నప్పుడు దాని అవసరం మాకు లేదు. రాత్రి పడుకునేటప్పుడే పెడుతున్నాం. నిద్రలో ఎవరూ చప్పట్లు కొట్టరు కదా, తప్పుడు అలారాలు బాగా తగ్గాయి.

పట్టుకుందా అంటే, పట్టుకుంది. అర్ధరాత్రి ఫోన్ మోగితే వెళ్లేసరికి బోర్లా ఉంది, మొహం దిండులో. పక్కకి తిప్పాను. ఆ ఒక్క రాత్రికే దాని ఖరీదు తీరిపోయింది నా దృష్టిలో. ఒకసారి తప్పిపోయింది కూడా. ఆ చెయ్యి ఒంటి కింద నలిగి ఉంది, కుదుపులు సరిగా అందలేదేమో. నాలుక కొరుక్కుని ఉండటం చూసి పొద్దున తెలిసింది మాకు.

ఇంకొకటి ఎవరూ చెప్పరు. మాది వాచీ నుంచి నేరుగా ఫోన్‌కి బ్లూటూత్‌లో వస్తుంది. ఫోన్ రెండు గదుల అవతల పెడితే తెగిపోతుంది. ఫోన్ సైలెంట్‌లో ఉన్నా వినపడేలా సెట్ చేసుకోవాలి. కొన్న రోజే ఇవి చూసుకోండి.

మూడో_మాత్ర
ఇంతసేపూ అమ్మానాన్నలూ ఇంజనీర్లే మాట్లాడారు, ఫిట్స్ వచ్చేవాడిని నేనొక్కడినే ఉన్నట్టున్నా.

నావి కింద పడి కొట్టుకునేవి కావు. ముందు కడుపులోంచి ఏదో పైకి లేచినట్టుంటుంది. తర్వాత ఒకటిన్నర నిమిషం నేను ఉండను. కళ్లు తెరిచే ఉంటాయి, పెదాలు చప్పరిస్తానట, చొక్కా గుండీ తడుముతూ కూర్చుంటానట. "అట" అనే అంటున్నా, నాకేమీ గుర్తుండదు. వాచీ పెట్టుకుని ఎనిమిది నెలలు తిరిగా. నా ఫిట్స్‌లో ఒక్కటి కూడా పట్టలేదు. దాని తప్పేముంది, చేతికి కుదుపులే రావు.

కాబట్టి అక్కా, ముందు మీవాడికి వచ్చేది ఏ రకమో కనుక్కోండి. శాతాల సంగతి ఆ తర్వాత.

నిద్రలేనమ్మ
మా వాడిది ఒళ్లంతా బిగుసుకుపోయి, తర్వాత కాళ్లూ చేతులూ కొట్టుకునే రకం. రెండు నిమిషాల లోపే. డాక్టరు గారు ఏదో పొడుగు పేరు రాశారు, టానిక్ క్లోనిక్ అని.

మూడో_మాత్ర
అయితే వాచీ పనికొచ్చే రకమే.

నైట్‌డ్యూటీ_సిస్టర్
అవును, మాత్రగారు చెప్పింది కరెక్టు. 2021లో మూర్ఛ నిపుణుల అంతర్జాతీయ సంస్థ ఇంటర్నేషనల్ లీగ్ అగైనెస్ట్ ఎపిలెప్సీ, ఈఈజీ లాంటి నాడీ పరీక్షల నిపుణుల అంతర్జాతీయ సమాఖ్యతో కలిసి ఒంటికి పెట్టుకునే పరికరాల మీద మార్గదర్శకాలిచ్చింది. టానిక్ క్లోనిక్ ఫిట్స్‌కి వాడొచ్చు అన్నారు, ముఖ్యంగా పక్కన మనిషి లేనివాళ్లకి, అలారం మోగితే ఐదు నిమిషాల్లోపు ఎవరైనా చేరుకోగలిగితేనే. మిగతా రకాలకి ఇంకా సిఫారసు చేయలేదు. ఆ ఐదు నిమిషాల మాట గమనించండి. మోగాక వచ్చేవాళ్లు లేకపోతే అది బొమ్మ.

అనుమానప్పక్షి
ఏఐ ఏఐ అంటున్నారు గానీ, కంప్యూటర్‌తో ఫిట్స్ పట్టడం కొత్తా? మెషీన్ లెర్నింగ్ మోజు లేని రోజుల్లోనే, 1982లో, గాట్మన్ అనే ఆయన ఈఈజీలో ఫిట్స్‌ని తనంతట తాను పట్టే ప్రోగ్రామ్ రాశాడు. అలల ఎత్తు, వ్యవధి, లయ కొలిచి లెక్కలు కట్టాడు. ఇప్పుడు పెట్టె మీద ఏఐ అని స్టిక్కర్ వేసి రేటు పెంచారు. అంతే తేడా.

డేటా_సన్యాసి
అంతే తేడా కాదు. ఆ లెక్కల్లో ఏది ముఖ్యమో మనిషి కూర్చుని చెప్పాలి. ఇప్పుడు గుట్టలకొద్దీ రికార్డింగులు పోస్తే మెషీనే ఏరుకుంటుంది. 2010లో షోబ్, గుటాగ్ అనే పరిశోధకులు చేసిన పనే చూడండి. బోస్టన్ పిల్లల ఆసుపత్రి డేటా, తల పైన ఎలక్ట్రోడ్లే, 916 గంటలు. ఏ పిల్లాడి డేటాతో ఆ పిల్లాడికే విడిగా నేర్పారు. 173 ఫిట్స్‌లో 96 శాతం పట్టింది, సగటున మూడు సెకన్ల ఆలస్యం, 24 గంటలకి రెండు తప్పుడు అలారాలు.

మీరు కంపెనీ వాళ్లని అడగాల్సినవి ఈ మూడే: ఎన్ని పట్టింది, ఎంత ఆలస్యంగా, రోజుకి ఎన్నిసార్లు ఊరికే లేపింది. అక్యురసీ అని ఒక్క అంకె చూపిస్తే పక్కన పెట్టండి.

అనుమానప్పక్షి
సగటా, మధ్యస్థమా?

డేటా_సన్యాసి
మధ్యస్థం, అంటే అన్నిటినీ వరసలో పేరిస్తే నడిమిది. పొరపాటు. పక్షికి కళ్లు బాగానే కనబడుతున్నాయి.

కోడ్_వీరుడు
ఆ బోస్టన్ డేటా దించుకున్నా. ఈసారి తప్పు చేయను. ముక్కలన్నీ కలిపి, కలగాపులగం చేసి, ఎనభై శాతంతో నేర్పి ఇరవైతో పరీక్షించాలి కదా?

డేటా_సన్యాసి
కలపకు! అక్కడే బోల్తా పడతావు. ఒకే పిల్లాడి ఒకే ఫిట్‌లో ఐదో సెకను నేర్పడానికి, ఆరో సెకను పరీక్షకి వెళ్తాయి. ప్రశ్నపత్రం ముందే ఇచ్చి పరీక్ష పెట్టినట్టు. కొంతమంది పిల్లల్ని పూర్తిగా పక్కన పెట్టు, వాళ్ల గీత ఒక్కటి కూడా మోడల్ కంట పడకూడదు. తర్వాత వాళ్ల మీద పరీక్షించు. తప్పుడు అలారాలు గంటకి ఎన్నో చెప్పు.

కోడ్_వీరుడు
సరే, రేపు చెబుతా.

బాబాయ్_పాతకాలం
ఇవన్నీ సరే గానీ, ఫిట్ వచ్చినప్పుడు పళ్ల మధ్య ఏదో ఒకటి పెట్టాలని మరిచిపోకండి. నాలుక తెగుతుంది.

నైట్‌డ్యూటీ_సిస్టర్
బాబాయ్ గారూ, ఆ పని అసలు చేయొద్దు. నోట్లో ఏదీ పెట్టకూడదు. పన్ను విరుగుతుంది, విరిగిన ముక్క గొంతులోకి పోతుంది, పెట్టినవాళ్ల వేలు తెగుతుంది. అదిమి పట్టుకోవద్దు కూడా. తల కింద మెత్తనిది ఏదైనా ఉంచి, మెడ దగ్గర బిగుతు వదులు చేసి, కుదుపులు తగ్గగానే ఒక పక్కకి తిప్పండి. టైమ్ చూడండి. ఐదు నిమిషాలు దాటినా, తెలివి రాకుండానే రెండోది మొదలైనా వెంటనే అంబులెన్స్.

బాబాయ్_పాతకాలం
నలభై ఏళ్లుగా అదే చెబుతున్నా అందరికీ.

నైట్‌డ్యూటీ_సిస్టర్
ఇప్పుడు వాళ్లందరికీ ఫోన్ చేసి మార్చి చెప్పండి మరి :)

రెండేళ్ల_వాచీ
టైమ్ చూడమన్నారు కదా, అది నిజంగా కష్టం. మొదటిసారి మా అమ్మాయికి పావుగంట వచ్చిందని డాక్టర్‌కి చెప్పాను. సీసీ కెమెరా చూస్తే నిమిషం నలభై సెకన్లు. ఆ నిమిషం అంత పొడుగ్గా ఉంటుంది.

గీతల_మాస్టారు
ఎన్నిసార్లు వచ్చాయన్న లెక్క విషయంలో రోగులనీ నమ్మలేం, తప్పు వాళ్లది కాదు. 2007లో జర్మనీలో చూశారు: వీడియో తీస్తూ పెట్టే ఈఈజీలో రికార్డయిన ఫిట్స్‌లో సగానికి పైగా ఆ రోగులు చెప్పనేలేదు. నిద్రలో వచ్చినవైతే మరీ. డాక్టరేమో ఆ లెక్క చూసే మందు పెంచాలా తగ్గించాలా అని ఆలోచిస్తాడు. నన్నడిగితే ఏఐ వల్ల అసలు లాభం ఇక్కడుంది. అర్ధరాత్రి అలారం కంటే నెలాఖరున సరైన లెక్క.

మూడో_మాత్ర
నా డైరీలో నెలకి మూడు ఉండేవి. ఆసుపత్రిలో ఐదు రోజులు వీడియో ఈఈజీ పెడితే ఆ ఐదు రోజుల్లోనే ఏడు తేలాయి. నేనేదో దాచినట్టు చూశారు అందరూ.

నైట్‌డ్యూటీ_సిస్టర్
పసిపిల్లల ఐసీయూలో పనిచేశాను కొన్నాళ్లు. అక్కడ బిడ్డ కదలకుండా పడుకుని ఉంటుంది, లోపల ఫిట్ నడుస్తుంటుంది, ఈఈజీ లేకపోతే తెలీదు. ఇరవై నాలుగు గంటలూ గీతలు చదివే మనిషి ఎక్కడ దొరుకుతాడు? యూరప్‌లో ఎనిమిది ఆసుపత్రుల్లో పోల్చి చూసి 2020లో ఫలితాలిచ్చారు. మెషీన్ సాయం ఉన్నచోట ఫిట్స్ నడిచిన గంటల్లో 66 శాతం సరిగ్గా గుర్తించారు, లేనిచోట 45. తేడా శనాదివారాల్లో ఇంకా ఎక్కువ. అంటే నిపుణులు డ్యూటీలో లేని రోజుల్లో అన్నమాట. ఆ లైను చదివి నేను ఆశ్చర్యపోలేదు.

అయితే ఫిట్స్ వచ్చిన బిడ్డల్లో ఎంతమందిని గుర్తించారు అని చూస్తే రెండు గుంపులకీ చెప్పుకోదగ్గ తేడా లేదు. అదీ చెప్పాలి.

అనుమానప్పక్షి
మాస్టారూ, మీ ఉద్యోగానికి ఎసరు వచ్చేలా ఉందే.

గీతల_మాస్టారు
2023లో స్కోర్ ఏఐ అని ఒకటొచ్చింది, ముప్పై వేలకు పైగా ఈఈజీలతో నేర్పారు. మామూలు ఈఈజీ నార్మలా కాదా, కాకపోతే ఏ రకమో చెబుతుంది, నిపుణులతో సమానంగా. సంతోషమే. మరి ఏడ్చే పిల్లాడి తలకి ఎలక్ట్రోడ్లు అతికించేదెవరు? జుట్టులో పేస్ట్ అంటుకుందని తిట్లు తినేదెవరు?

కొత్త_చందమామ
వచ్చాక పట్టడం కాదు, వచ్చే ముందే చెప్పేది లేదా? నాకదే కావాలి. స్నానానికి వెళ్లాలా వద్దా అని రోజూ లెక్కలు వేసుకుంటా.

డేటా_సన్యాసి
ప్రయత్నాలున్నాయి. మెల్‌బోర్న్‌లో 15 మందికి పుర్రె లోపల ఎలక్ట్రోడ్లు అమర్చి, చేతిలో చిన్న పరికరం ఇచ్చారు. ఎరుపు వెలిగితే ప్రమాదం ఎక్కువ, తెలుపు మధ్యస్థం, నీలం తక్కువ. 2013లో ప్రచురించారు. కొందరిలో బాగా పనిచేసింది, అందరిలో కాదు. ఇళ్లలోకి వచ్చేంత దూరం అది రాలేదు. అదే 2013లో ఇంకోటి, న్యూరోపేస్ అనే కంపెనీ వాళ్లది, ఎఫ్‌డీఏ అనుమతి పొందింది. పుర్రెలో అమర్చుతారు, ఫిట్ మొదలయ్యే గీత కనబడగానే అక్కడికక్కడే చిన్న విద్యుత్ పంపిస్తుంది. మందులకి లొంగనివాళ్లకే.

కొత్త_చందమామ
ఎరుపు వెలిగితే రోజంతా మంచం దిగను నేను. అదీ ఒక జబ్బే అవుతుందేమో.

మూడో_మాత్ర
అందుకే నేను తీసేశా. పద్నాలుగేళ్ల కుర్రాడికి చేతికి అలారం కడుతున్నారు, వాడినెవరైనా అడిగారా?

నిద్రలేనమ్మ
...అడగలేదు.

కోడ్_వీరుడు
బోస్టన్ డేటా ఫలితం. పిల్లల్ని విడదీసి పరీక్షించా. గంటకి పదకొండు తప్పుడు అలారాలు. పట్టినవి సగం. దయచేసి ఎవరూ మాట్లాడొద్దు.

గీతల_మాస్టారు
ఇప్పుడు పనిలోకి దిగావు. శభాష్.

నైట్‌డ్యూటీ_సిస్టర్
నిద్రలేనమ్మ గారూ, మీరు అడగకుండా లోపల దాచుకున్న భయం ఒకటి ఉంటుంది, తెలుసు. మూర్ఛ ఉన్నవాళ్లు ఉన్నట్టుండి నిద్రలోనే పోవడం. పెద్దవాళ్లలో ఏడాదికి వెయ్యిమందిలో ఒకరు అని అంచనా, పిల్లల్లో అంతకంటే తక్కువ. టానిక్ క్లోనిక్ ఫిట్స్ ఎక్కువగా వచ్చేవాళ్లకి, రాత్రి పక్కన ఎవరూ లేనివాళ్లకి ముప్పు ఎక్కువ. వాచీ దాన్ని ఆపుతుందని ఎవరూ రుజువు చేయలేదు, అమ్మేవాళ్లు ఆ మాట అంటే నమ్మకండి. ముప్పు తగ్గించేది ఫిట్స్‌ని అదుపులో పెట్టడం, అంటే మాత్ర మానకపోవడం. ఈ మాట డాక్టర్‌ని సూటిగా అడగండి, వాళ్లు చెబుతారు.

బాబాయ్_పాతకాలం
అర్ధరాత్రి ఇలాంటివి రాసి భయపెట్టడం దేనికి?

నిద్రలేనమ్మ
లేదు బాబాయ్ గారూ, మంచిదే. నేను రోజూ అనుకునేదే, ఎవరో ఒకరు పైకి అన్నారు.

నిద్రలేనమ్మ
పన్నెండు రోజుల తర్వాత వచ్చాను. డాక్టర్‌ని అడిగాం, ఈ రకానికి వాడొచ్చు అన్నారు, మందు మోతాదు కూడా మార్చారు. మా వాడిని అడిగాం. రాత్రి మాత్రమే పెడతాను, స్కూల్‌కి పెట్టను, తలుపు వేసుకుంటాను కానీ గడియ పెట్టను అన్నాడు. వాడే బేరమాడి తేల్చాడు. వేరే గది ఇచ్చేశాం.

ఇంతవరకూ నాలుగు అలారాలు. మూడు ఊరికే. ఒకటి నిజం, నేను వెళ్లేసరికి తగ్గుముఖం పట్టింది, పక్కకి తిప్పి కూర్చున్నా. టైమ్ చూశాను ఈసారి. నిమిషం పది.

రెండేళ్ల_వాచీ
నిద్ర?

నిద్రలేనమ్మ
నిన్న వరసగా ఐదు గంటలు పడుకున్నా. లేచి భయపడ్డా, ఫోన్ చచ్చిపోయిందేమోనని. చూస్తే బాగానే ఉంది.

రెండేళ్ల_వాచీ
వాచీ చార్జింగ్ సాయంత్రమే పెట్టించండి, పడుకునే ముందు కాదు. మా ఇంట్లో ఎన్నిసార్లో అలా మరిచిపోయాం.

నిద్రలేనమ్మ
అయ్యో. ఇప్పుడు రాత్రి పదకొండున్నర, అది ఇక్కడే హాల్లో చార్జర్ మీద ఉంది. వెళ్లొస్తా.